సబ్బవరం సావు

కుర్చీ ప్లాస్టిక్‌ది, ఎర్రది, ఒక చెయ్యి విరిగింది. ముందు వరసలో సరిగ్గా మధ్యన వేశారు. వాడే వెయ్యమన్నాడట. పాసు మీద నా పేరు రాయించి మనిషి చేత ఊరికి పంపాడు, సత్తియ్య గారికి అని. పదేళ్ళు నా ఇంట్లో అన్నం తిన్నవాడు నాకు గారు తగిలించాడంటే అది మర్యాద కాదు, దూరం. ఆ మాత్రం తెలుసుకోవడానికి ఐదో తరగతి చాలు. ఎండ ఇంకా దిగలేదు. హైస్కూలు మైదానం సగం కూడా నిండలేదు. స్టేజీ మీద నల్లటి సౌండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు, మార్కెట్లో బెల్లం దిమ్మలు పేర్చినట్టు. కాకపోతే బెల్లం పేర్చేవాళ్ళు ఇంతగా అరుచుకోరు. ఒకడు మైకు దగ్గరికి వచ్చి హలో చెక్ హలో చెక్ అంటాడు, వెళ్ళిపోతాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ అదే అంటాడు. ఆరింటికి మొదలన్నారు. ఇప్పుడు ఐదు. గంట కూర్చోవాలి. ఆరేళ్ళు కూర్చున్నవాడికి గంట ఎంతసేపు.

స్టేజీ వెనక పరదా మీద వాడి బొమ్మ, తాటిచెట్టంత. నల్లకళ్ళద్దాలు, మెడలో గొలుసు, నోరు సగం తెరిచి ఉంది. కింద ఇంగ్లీషులో మూడక్షరాలు. ఎ.కె.పి. మన స్టేషనుకి రైలువాళ్ళు పెట్టుకున్న పొట్టి పేరట అది. ఇప్పుడు వాడి పేరు. ఎ.కె.పి. ధర్మా. వాళ్ళమ్మ పెట్టింది ధర్మేంద్ర. చెరుకు నరకడానికి కొండ దిగివచ్చిన మోదకొండమ్మ కొడుకు, అనకాపల్లిని తీసి మెడలో వేసుకున్నాడు. నేను నలభై ఏళ్ళు ఈ ఊరికి బెల్లం తోలాను, మొదట ఎడ్లబండి మీద, తర్వాత ట్రాక్టరు మీద. ఈ మైదానంలో నా మొహం తెలిసినవాడు ఒక్కడూ లేడు, పక్క కుర్చీలో బుల్లమ్మ వదిన తప్ప. మా గుమ్మానికి ఎదురు గుమ్మం ఆవిడది. ఆవిడకీ పాసు పంపాడు. దాని మీద గారు లేదు. బుల్లత్తకి అని ఉంది, వాడు చిన్నప్పటి నుంచి పిలిచే పిలుపే. ఆటోలో వస్తున్నంతసేపూ ఆవిడ ఆ పాసుని రొంటిన దోపుకుని, తీసి చూసుకుని, మళ్ళీ దోపుకుంది. ఆవిడకి చదవడం రాదు.

వెనక వరసలో కాలేజీ పిల్లలు ఫోనులో పాట పెట్టారు. అదే పాట. ఈ ఏడాదిగా ఎక్కడికి వెళ్ళినా అదే. ఆటోలో, క్షౌరం కొట్లో, పురుగుమందుల కొట్లో. ఒక ఆడమనిషి చచ్చిపోతే ఏడ్చిన ఏడుపు అది. దాని కింద కంప్యూటర్లో డప్పు వేశారు. ఆ ఆడమనిషి నా పెళ్ళాం, పైడితల్లి. పోయి ఆరేళ్ళు. ఆమె నూతి చేద, ఆమె కోడిపెట్ట, ఆమె కొంగుముడి, అన్నీ పేరుపేరునా ఇప్పుడు పురుగుమందులు కొలిచే కుర్రాడికి నోటికి వచ్చు. కానీ ఫోన్లలో తిరిగే పాట సగమే. అమ్మ వంతు, అక్కచెల్లెళ్ళ వంతు, ఇరుగుపొరుగు వంతు, గొడ్డూగోదా వంతు అయ్యాక టక్కున ఆగిపోతుంది. మా పక్క ఏడుపులో పోయినామె మనుషులకి ఒక్కొక్కరి పేర ఒక్కో వంతు కడతారు, ఆఖరి వంతు మొగుడిది. అది అందులో లేదు. అది వాడి దగ్గర ఉండిపోయింది. ఇవాళ మొదటిసారి పాట మొత్తం పాడతానని వాడు పేపరువాళ్ళకి చెప్పాడు, మా ఊళ్ళో మావాళ్ళ ముందు అని. అంటే ఇవాళ నా వంతు వస్తుంది. ఆమె నా గురించి వాడితో ఏం చెప్పుకుందో ఇంతమంది ముందు నాకు తెలుస్తుంది. అందుకే మధ్య కుర్చీ. మొహం అందరికీ కనపడేలా.

వెనక నుంచి ఒక పిల్ల నా భుజం మీద తట్టింది. “తాతా, ముందు సీటిచ్చేరు, మీకు ధర్మా ఏటవుతాడు?”

“ఏటీ అవడు.”

“ఒలమ్మా, అలాగంటాడు గానీ మావవుతాడు,” అంది బుల్లమ్మ. “ఆ పాటలో అత్త లేదా, ఆ యత్తకి మొగుడీడే.”

ఆ పిల్ల పాటలో వంతులు వేళ్ళ మీద లెక్కపెట్టింది. “పాటలో మావ లేడు కదండీ,” అంది.

లేడు. ఆ పిల్ల తప్పేం లేదు. ఆ ఇంట్లోనూ అంతే, పదేళ్ళు వాళ్ళిద్దరే ఉన్నారు, నేను ఊరికే అక్కడ తిని పడుకునేవాణ్ణి. పైడితల్లికి చదువు రాదు. ఏడవడం వచ్చు. చీడికాడ నుంచి దేవరాపల్లి దాకా ఎవరు పోయినా మా గుమ్మానికి కబురు వచ్చేది. ఏమీ పుచ్చుకునేది కాదు, తమలపాకూ వక్కా తప్ప. ఊరికే గొంతెత్తి రాగం తీసే రకం కాదు. వెళ్ళగానే శవం దగ్గర కూర్చునేది కాదట. పెరట్లోకి వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగేదట. పోయినామెకి ఏ కూర ఇష్టం, ఎవరిని తిట్టేది, పొగాకు ఎక్కడ దాచేది, ఏ కోడలి మీద కోపం వస్తే ఏ గిన్నె విసిరేది. చిన్నచిన్నవి. వాటినన్నిటినీ మూట కట్టుకుని వచ్చి కూర్చుని, తొడ మీద చేత్తో కొట్టుకుంటూ, ఒక్కొక్కటే తాళానికి వేసేదట, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టే ఉండదట. అట అంటున్నాను, ఎందుకంటే ఒక్కసారి కూడా ఆమె ఏడుస్తుంటే నేను దగ్గర కూర్చోలేదు. మగవాళ్ళం వీధిలో ఉంటాం. చుట్టలు కాల్చుకుంటాం. కట్టెల సంగతి, పాడె సంగతి చూసుకుంటాం. లోపలి ఏడుపు రేకు మీద వానలా వినపడుతుంది. వానలో మాటలు ఎవడు వింటాడు.

ఒక్కసారి విన్నాను. తొంభై రెండో సంవత్సరం, చెరుకు నరుకుడు రోజులు. మోదకొండమ్మ మా పొలం గట్టు మీద చెరుకాకు పాకలో జ్వరంతో పోయింది. మొగుడు అంతకు ముందే ఎటో పోయాడు. కూడా వచ్చినవాళ్ళలో ఆడకూతురు లేదు. నేను పాక బయట నించున్నాను, చెరుకు ఆగిపోయిందని నా విసుగు. పైడితల్లి లోపలికి వెళ్ళి ఎనిమిదేళ్ళ గుంటడి ముందు గొంతుక్కూర్చుంది.

“మీయమ్మ ఏటి తినీదిరా?”

వాడు చెరుకాకు ఒకటి పీకి వేలికి చుట్టుకున్నాడు.

“ఏటంటే ఇట్టం?”

“సింతపిక్కలు.”

“ఏపుకునా, కాల్సుకునా?”

“కాల్సి. నాకు ముందెట్టీది.”

అంతే. ఆ కాల్చిన చింతపిక్క పట్టుకుని మొదలుపెట్టింది, ముక్కూమొహం తెలియని మనిషి మీద, సొంత చెల్లెలు పోయినట్టు. వాడు ఏడ్చాడు. ఏడ్చి, ఉన్నట్టుండి ఏడుపు ఆపేశాడు. ఆపి విన్నాడు. తన తల్లి మీద ఏడుస్తున్న ఏడుపుని, ఎనిమిదేళ్ళవాడు, మెడ ఒక పక్కకి వాల్చి, ఇది ఎలా కడుతోంది అన్నట్టు విన్నాడు. నేను చూశాను. అప్పుడే తరిమెయ్యాల్సింది. తరమలేదు. మా పశువులశాలలో పడుకున్నాడు, తర్వాత అరుగు మీద, తర్వాత ఇంట్లో. మాకు పిల్లల్లేరు. ఆమెకి దొరికాడు. నాకు దొరకలేదు.

హలో చెక్. హలో చెక్. ఇప్పుడు డప్పు శబ్దం వదిలారు, కుర్చీ కాళ్ళు అదురుతున్నాయి. కడుపులోంచి కొట్టినట్టు ఉంది. పెనం దగ్గర ఇంత చప్పుడుంటే బెల్లం మాడిపోతుంది. పాకం చెవితో చూడాలి. చిన్న బుడగ చప్పుడు వేరు, పెద్ద బుడగ చప్పుడు వేరు, ఆ రెండిటి మధ్య దించెయ్యాలి. అప్పుడెవరైనా మాట్లాడితే నేను తిట్టేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో ఆమె పెనం దగ్గరికి వచ్చి కూర్చునేది, మొహం మీద మంట వెలుతురు. ఏదో ఒకటి అడిగేది. తర్వాత రావడం మానేసింది. ఎప్పుడు మానేసిందో చూడలేదు. ఒక సీజనులో చూస్తే లేదు. అప్పుడడిగిన వాటిలో ఒకటి గుర్తుంది. ఓడంటే ఎంతుంటాది అని. నాకేటి తెలుసు, దాన్ని సూసి ఏటి సేత్తావు అన్నాను. మామూలు జవాబే. పెనం మీద పాకం పెట్టుకున్నవాడు ఎవడైనా అదే అంటాడు. ముప్పై ఏళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదని ఆరేళ్ళ కిందటే తెలిసింది, అదీ వాడి నోటి వెంట.

వాణ్ణి చావులకి వెంట తీసుకెళ్ళేది. మొదట ఆకువక్కల సంచి మొయ్యడానికన్నది. రెండేళ్ళు తిరిగేసరికి వాడు దారిపొడుగునా తొడ మీద తాళం వేసేవాడు, ఆమె మాటలు కట్టేది, వాడు సరి చేసేవాడు. నేను పొలంలోంచి చూసేవాణ్ణి. చావింటి నుంచి గట్టు మీద నడిచి వస్తూ ఇద్దరూ నవ్వుకునేవారు. చావింటి నుంచి. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వేది, నేనెప్పుడూ వినని నవ్వు, పళ్ళన్నీ కనపడేలా. నేను కనపడగానే ఆగిపోయేది. వాడు నేల చూపులు చూసేవాడు. ఏటి నవ్వుకుంటన్నారు అనడిగితే, ఏటీ లేదు మావా. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఏటీ లేదు. నాకు అన్నం పెట్టి, ఆమె వాడి దగ్గరికి వెళ్ళి కూర్చునేది. వాడు తింటుంటే తను తినేది. నేను గోడవైపు తిరిగి పడుకుని చెవులు రిక్కించేవాణ్ణి. గుసగుస. తొడ మీద చప్పుడు. టప్ టప టప్. సొంతింట్లో దొంగలా విన్నాను, ఒక్క ముక్క అర్థం కాలేదు.

జనం వస్తున్నారు. చెరుకు ట్రాక్టరు తొట్టిలో నిలబడి ఇరవైమంది దిగారు, తలలకి గుడ్డలు. ఐదుముప్పావు అయి ఉంటుంది. వీళ్ళందరూ వాడి కోసం. పదహారో ఏట వాడు అనకాపల్లి మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీగా చేరాడు, నేనే చేర్పించాను, ఇంట్లోంచి పోతాడని. పోలేదు, రాత్రికి వచ్చేసేవాడు, మార్కెట్లో మనుషులందరి కబుర్లూ మూటకట్టుకుని. పగిలిన దిమ్మ మీద ఏడ్చి చూపించేవాడట, నిన్ను మోసిన తలేమైపోవాల దిమ్మా అని. కళాసీలు పడిపడి నవ్వేవారట. ఆమె చచ్చిపోయాక ఊరు వదిలాడు. తర్వాతవన్నీ నేను పేపర్లో చదివినవీ, ఆటోవాళ్ళు చెప్పినవీ. కూలగొట్టిన సినిమా హాలు మీద ఏడుపు కట్టాడు, నేల టిక్కెట్టు వంతు, గేటు కుర్రాడి వంతు, ఆఖరాట కుక్క వంతు. విశాఖపట్నంలో ఎవడో కంప్యూటరున్నవాడు దానికి డప్పు వేసి సీడీ చేశాడు. సెల్లు కొట్లలో మెమరీ కార్డుల్లోకి ఎక్కింది. టీవీవాళ్ళు పిలిచారు. ఒకామె అడిగింది, మీరు ఈ రాప్ ఎక్కడ నేర్చుకున్నారండీ అని. వాడు నల్లకళ్ళద్దాలు తియ్యకుండా, సావుల కాడండి, అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. వాడు నవ్వలేదు. నేను ఆ రోజు సర్పంచి ఇంటి గడప బయట నిలబడి చూశాను. తర్వాత ఈ పాట. సెల్లు కొనుక్కున్నాను. నాకెవరూ ఫోన్ చెయ్యరు, నేనెవరికీ చెయ్యను. సెల్లు కొట్లో కుర్రాడు, ఏ పాటలు ఎక్కించమంటావు తాతా అంటే ఒకటే చెప్పాను. వాడు నవ్వాడు. ఆ పాట నేను చెరుకుతోట మధ్యలో కూర్చుని వింటాను, ఎవరూ చూడకుండా, నా పెళ్ళాం మీది ఏడుపుని నేను దొంగతనంగా వింటాను. ఆగిపోయేచోట ఆగిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి పెడతాను. ఈసారి ఇంకొంచెం ముందుకి వెళ్తుందేమో అన్నట్టు.

ఆమె పోయిన రోజు ఎండలు మండుతున్నాయి. నూతి దగ్గర చేద పట్టుకునే పడిపోయింది. పెనిమిటి లోపలే కూర్చోవాలంటారు శవం దగ్గర. నేను కూర్చోలేదు. వీధిలో మగవాళ్ళతో కట్టెల సంగతి చూస్తున్నాను. లోపల ఏడుపు కుదరడం లేదు. అందరికీ ఏడ్చిన మనిషి, ఆమెకి ఏడ్చేవాళ్ళు లేరు. బుల్లమ్మ మొదలుపెట్టింది, రెండో మాటకే ఆపేసింది. అంతలో మార్కెట్ నుంచి వాడు వచ్చాడు, భుజాల మీద ఇంకా బెల్లం మరకలు. పద్దెనిమిదేళ్ళవాడు, మీసాలొచ్చినవాడు, ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాడు. తొడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వీధిలో చుట్టలు ఆగిపోయాయి. వాన ఆగి మాటలు వినపడ్డాయి, ఆ పాక తర్వాత మొదటిసారి. నేను గుమ్మం దాకా వచ్చాను.

నూతికాడ సేద తిరగబడున్నాది అత్తా, నిలబెట్టేదెవలు అత్తా. కోడిపెట్ట పదకొండు గుడ్లు పొదుగుతంది అత్తా, పన్నెండోది నువ్వు నాకు పెట్టీసినావు అత్తా. బుల్లత్త పొగాకు నీ కొంగుముళ్ళో వుండిపోనాది అత్తా, ఆయమ్మి నిన్ను తిట్టుకుంటంది అత్తా. ఇలా. ఏడుస్తున్నవాళ్ళు ఒక పక్క నవ్వుతున్నారు. తర్వాత అది వచ్చింది. సబ్బవరంలో సావని సెప్పి బస్సెక్కినావు అత్తా. సబ్బవరం దాటిపోనాది, నువ్వు దిగలేదు అత్తా. ఓడ ఇల్లంతుంటాదనుకున్నాను, ఊరంతుందిరా అన్నావు అత్తా. పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వినావు అత్తా, ఆ నవ్వెక్కడెట్టినావు అత్తా.

అందరూ నాకేసి చూశారు. ఊరు ఊరంతా, ఆమె శవం మీద నుంచి. సబ్బవరంలో చావు. మూడేళ్ళ కిందటి మాట అప్పటికి. వాళ్ళ పిన్నమ్మ ఊరది, విశాఖపట్నం బస్సు దారిలో. పొద్దున్నే వాణ్ణి తీసుకుని వెళ్ళింది, పొద్దుగూకి వచ్చింది, చావుకి వెళ్ళినవాళ్ళు ఎలా చేస్తారో అలాగే గుమ్మం తొక్కకుండా నూతి దగ్గర తలమీద నీళ్ళు పోసుకుంది. చప్టా నిండా ఇసక. ఏటి ఒడ్డున తగలేసి ఉంటారనుకున్నాను. అంత నాటకం. ఇద్దరూ కలిసి. ఓడ చూడాలని ముప్పై ఏళ్ళు దాచుకుని, చూపించడానికి కొండోడి కొడుకుని వెతుక్కుంది. నా ఒళ్ళంతా మండింది. చచ్చిపోయిన మనిషి మీద ఏం కోపం పెట్టుకుంటాం. బతికున్నవాడు ఎదురుగా ఉన్నాడు. అన్ని వంతులూ అయ్యాయి. వాడు తొడ మీద కొట్టడం ఆపాడు. తలెత్తి నాకేసి చూశాడు. కళ్ళల్లో తడి లేదు. చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు నా గురించి ఏదో అనబోతున్నాడు, అది వాడి నోటి చివర ఉంది. అననివ్వలేదు. పొద్దు పోతంది, ఎత్తండి అన్నాను. ఇద్దరు మనుషులు వంగి ఎత్తేశారు. మధ్యలో తెగిన ఏడుపుని మా పక్క మళ్ళీ అతకరు. వాడు పదో రోజు దాకా కూడా ఉండలేదు.

“సత్తియ్యా.” బుల్లమ్మ మోచేత్తో పొడిచింది. “ఏటి సెప్తావురా ఆడికి?”

“నానేటి సెప్పడం? ఆడు సెప్తాడు, నాను ఇంటాను.”

“ఆడేటి సెప్తాడు?”

“నా వంతు. అది ఆడికి సెప్పుకున్నాది కదా.”

ఆవిడ నా మొహంలోకి చూసింది, నేనేదో హాస్యం ఆడానేమో అన్నట్టు. “ఓరి నీ బతుకు. నీకు తెలీదేటి? మొగుడి వంతు ఎవలికీ సెప్పుకోరు. ఎవల్నీ అడగరు. మిగతా వంతులన్నీ పెరట్లో అడిగి తెచ్చుకునీది పైడితల్లి. మొగుడి కాడికొచ్చేసరికి ఆపీసి, తలెత్తి ఆడి మొకంలోకి సూసీది. ఆడొక్క మాట ఇవ్వాల. ఆడేది ఇత్తే అది కట్టీది. దేవరాపల్లిలో ఒకడు, నా కూరలో ఉప్పెక్కువేసీది అన్నాడు. దాన్నే కట్టింది. ఊరంతా ఏడిసేరు.”

“ఆ రోజు ఆడు...”

“నిన్నడిగేడు. నువ్వు ఎత్తమన్నావు.” ఆవిడ పాసుని మళ్ళీ రొంటిన దోపుకుంది. “ఇయ్యడానికి ఏటీ లేదేమోలే అనుకున్నాం అందరం.”

హలో చెక్ అన్నవాడు మైకు దించి పక్కన పెట్టాడు. దీపాలు వెలిగించారు, వెలుతురుండగానే. లోపల ఏడుపు దగ్గర ఏం జరుగుతుందో మగవాళ్ళలో పెళ్ళాం పోయినవాడికి ఒక్కడికే తెలుస్తుంది, వాణ్ణి మేమెప్పుడూ అడగలేదు. చుట్టలు కాల్చుకున్నాం. ఆరేళ్ళు వాడి దగ్గర ఉందనుకున్నది వాడి దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. వాడు పాట ఆపేసింది దాచుకుని కాదు, లేక. ఆమె నా గురించి వాడికేమీ చెప్పలేదు. సంతోషించాలి నేను. గుసగుసల్లో నేను లేను, నవ్వుల్లో నేను లేను. ఆ టప్ టప టప్‌లో నేను లేను. వాళ్ళు నన్ను ఆడిపోసుకోను కూడా లేదు. అంతకంటే అసూయపడ్డానికి ఏముంది. ఇప్పుడు వాడొస్తాడు, మళ్ళీ ఆపి చూస్తాడు, నేనొక మాట ఇవ్వాలి. ఏముంది నా దగ్గర? చేద వాడు తీసుకున్నాడు. కోడిపెట్ట వాడు తీసుకున్నాడు. ఓడ వాడిది. ఆమెకి ఏ కూర ఇష్టమో నాకు తెలీదు. నాకు వండినవి తెలుసు. ముప్పై ఏడేళ్ళు పక్కన పడుకున్న మనిషి గురించి ఒక్కటి, వాడికి తెలియంది ఒక్కటి, ఎక్కడైనా ఉండాలి. పెనం దగ్గర కూర్చున్నప్పటి మొహం. అది మొహమే, మాట కాదు. అడిగిందంతా ఆమే. నేను ఏదీ అడగలేదు.

వచ్చేశాడు. కళ్ళద్దాలు లేవు, గొలుసు లేదు. భుజాలు కళాసీవే, ఒకటి కాస్త కిందికి. జనం లేచి నిలబడ్డారు, నేను లేవలేదు. సినిమా హాలు పాడాడు, ఇంకేదో పాడాడు, నాకు వినపడలేదు. తర్వాత చేద అన్నాడు. మైదానమంతా అత్తా అంది. నాలుగువేల నోళ్ళు. కోడిపెట్ట, అత్తా. పొగాకు అనగానే బుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది, వెనక పిల్లలు ఆవిడే బుల్లత్తని కనిపెట్టి కేకలు వేస్తున్నారు. సబ్బవరంలో సావని సెప్పి అన్నాడు, ట్రాక్టరులో వచ్చినవాళ్ళు తలగుడ్డలు విప్పి ఎగరేశారు. ఊరంతుందిరా అన్నావు అత్తా. డప్పు ఆగిపోయింది.

ఫోనులో అయితే ఇక్కడితో అయిపోతుంది. వాడు స్టేజీ చివరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు, పైడితల్లి పాకలో వాడి ముందు కూర్చున్నట్టే. తలెత్తి కాదు, ఈసారి తలదించి, నాకేసి చూశాడు. అదే చూపు. కళ్ళల్లో తడి లేదు. తప్పు పట్టే చూపు కాదది. ఏపుకునా కాల్సుకునా అని అడిగే చూపు. ఆరేళ్ళ కిందట కూడా ఇదే, నాకు చదవడం రాలేదు. జనం అరుస్తున్నారు, తర్వాత తగ్గారు, తర్వాత ఎవరూ అరవలేదు. వాడు తొందరపెట్టలేదు. చావింటి దగ్గర ఓపిక ఆమె నేర్పింది కదా. అప్పుడు నూతి చప్టా కనపడింది. పొద్దుగూకింది, ఆమె తడిజుట్టుతో నిలబడి ఉంది, సబ్బవరం నుంచి వచ్చి. నాకేసి చూస్తోంది. ఊరికే చూస్తోంది, ఆపి. నేనేదో అడగాలన్నట్టు. నేను కూడుందా అన్నాను.

“సబ్బవరంలో పోయిందెవలని,” అన్నాను. వాడికి వినపడలేదు. వాడు ఇంకా కిందికి వంగాడు. “సబ్బవరంలో పోయిందెవలని నానడగలేదు.”

వాడు కళ్ళు మూసుకున్నాడు. తొడ మీద చెయ్యి కదిలింది, టప్ టప టప్, మైకులో లేదు, నాకొక్కడికే వినపడింది. లేచాడు. సబ్బవరంలో పోయిందెవలు అత్తా, ఇంటికాడ అడిగేవోడు లేడు అత్తా. అడిగితే సెప్పీసుందువు అత్తా, అడగమనే సూసినావు అత్తా. డప్పు పడింది. మైదానం విరుచుకుపడింది. బుల్లమ్మ నా చెయ్యి పట్టుకుంది, వెనక పిల్ల ఏడుస్తోంది. నా మాట వాడి నోట్లో బాగుంది. నా నోట్లో కంటే బాగుంది. ఆమె అడగమనే చూసిందని నేను వాడికి చెప్పలేదు, వాడే కట్టేశాడు, అది నిజం కూడా. ఇచ్చీ ఇవ్వగానే వాడిదైపోయింది. రేపటి నుంచి పురుగుమందుల కొట్లో ఇది కూడా వస్తుంది. ఆ చప్పట్లలో ఒక్కటీ నాది కాదు. వాడు నాకేసి చూసి తలూపాడు, మావా అన్నట్టు పెదవులు కదిలాయి, ఇంకేమైనా ఉందా అన్నట్టు ఒక్క క్షణం ఆగాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

ఉంది. ఆమె సబ్బవరం నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తే, చప్టా మీద ఇసకలో గోరంత గవ్వ ముక్క, తెల్లగా, లోపల గులాబీ రంగు. ఏటి ఒడ్డున గవ్వలుండవు. అది నాకు ఆ రోజే తెలుసు. తీసుకెళ్ళి దీపం గూట్లో పెట్టాను. ఎక్కడిదని అడగలేదు. ఆ సాయంత్రం ఆమె గూట్లో దీపం పెడుతూ దాన్ని చూసింది, నేను మంచం మీంచి ఆమెని చూశాను, ఇద్దరం ఏమీ అనలేదు. ఆమె దాన్ని తియ్యలేదు. పోయేదాకా తియ్యలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ సంగతి వాడికి తెలీదు. చెప్పను.